జూడ్ ఆపని సర్వర్

“నిజం తేలేదాకా జూడ్ మీద ఈగ వాలనివ్వను. పూచీ నాది.”

మేనేజర్ తేజేశ్వర్ పదిమంది ముందు అన్న మాట అది. తెల్లారేసరికి జూడ్ ఉద్యోగం ఊడింది. కొత్త ఉద్యోగం దొరక్కపోతే దేశం విడవాల్సిన అరవై రోజుల వీసా గడువు నడుస్తుండగానే, నలభయ్యో రోజున, పార్కింగ్‌లో, కార్లోనే గుండె ఆగిపోయింది.

నింద చిన్నది కాదు. ఆస్పత్రుల్లో రోగి ఊపిరి తడబడితే నర్సుకి అలారం మోగించే సర్వర్ వాళ్ళ టీందే. నవంబర్‌లో అది తొమ్మిది నిమిషాలు నిలిచిపోయింది. ఒక ముసలావిడ పోయింది. ఆ రోజు డ్యూటీ జూడ్‌ది గనక, ఆపిందీ జూడే అన్నారు.

“విలువలు గోడ మీది పోస్టర్లకి, శిక్షలు కిందివాడికి!” అదే టీంలో పనిచేసే మానవ్‌కి ఒళ్ళు మండిపోతోంది. శనివారం మధ్యాహ్నం, పిస్కాటవేలో తన అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. బయట మంచు కురుస్తోంది. ఫోన్ స్పీకర్‌లో జూడ్ భార్య ప్రిస్సిల్లా.

“తప్పు ఆయనది కాదని ఒక్క కాగితం ఇప్పించండి అన్నయ్యా. సోమవారం పాపతో కాకినాడ వెళ్ళిపోతున్నా. చర్చిలో తలెత్తుకోవాలిగా.”

“నిజాన్ని ఎవడూ పాతిపెట్టలేడమ్మా. చూస్తూ ఉండు.”

సర్వర్ ఎలా ఆగిందో తేల్చడానికి దారులు రెండు. లోకల్ అయితే ప్రోగ్రాం నకలుని తన లాప్‌టాప్‌లోనే ఒక్కో లైను దగ్గర ఆపి లోపల చూడొచ్చు. ఎవరికీ నష్టం లేదు. రిమోట్ అయితే ఇక్కణ్ణుంచే అసలు సర్వర్‌ని ఆపుతాడు. అది ఆగితే అందరికీ ఆగుతుంది. లోకల్‌లో పదకొండు సార్లు నడిపాడు. నకలు తొణకలేదు, బెణకలేదు. ఇక రిమోటే. ఆనాటి సర్వర్‌ని ఆస్పత్రుల నుంచి విడదీసి పక్కన పెట్టారు కాబట్టి భయం లేదు.

కనెక్ట్ నొక్కాడు.

‘ఇప్పటికే ఒకరు ఉన్నారు: జూడ్.’

“అమ్మా... జూడ్ లాప్‌టాప్ నీ దగ్గరుందా?” గొంతు తగ్గించాడు.

“కంపెనీవాళ్ళు ఆ రోజే లాక్కుపోయారుగా...”

ప్రోగ్రాం ఏ లైను దగ్గర ఆగిందో చూపే పసుపు బాణం స్క్రీన్ మీద ఒక లైను దిగింది. మానవ్ చెయ్యి కీబోర్డు మీద లేదు. లాప్‌టాప్‌లో వైఫై ఆపేశాడు.

బాణం ఇంకో లైను దిగింది.

హీటర్ రొద ఆగిపోయింది. గదిలో స్పిరిట్ వాసన. కిటికీ అవతల మంచు రేకులు గాల్లోనే నిలబడ్డాయి... ఊపిరి తీయబోయాడు. రాలేదు. రెప్ప వాలలేదు.

బాణం దిగింది. ఒక్క మంచు రేకు వేలెడు దూరం కిందికి జారింది.

మళ్ళీ దిగింది. గుండె ఒక్కసారి కొట్టుకుంది.

స్క్రీన్ మీద నవంబర్ నాటి వివరాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆపిన సమయం, రెండూ పది. ఆపిన లాప్‌టాప్... తనదే.

గుర్తొచ్చింది. లోకల్, రిమోట్ విండోలు రెండూ ఒకేలా ఉంటాయి. ఆ రోజు లోకల్ అనుకునే అసలు సర్వర్‌ని ఆపాడు. ఆపి, టీ పెట్టుకోవడానికి లేచాడు.

ఊపిరి తిరిగొచ్చింది. గడియారంలో తొమ్మిది నిమిషాలు గడిచిపోయాయి. ఫోన్ ఇంకా కట్ కాలేదు.

“సారీ అమ్మా, ఇందాకట్నుంచీ నేను...”

“ఇంతసేపూ మాట్లాడారుగా. గొంతు మాత్రం... ఆయనది.”

“ఏమన్నాడు?”

“ఆపిందెవరో మీ నోటితో మీరే చెప్పాలట. ఫిబ్రవరి ఇరవై లోగా. ఇవాళ్టికి సరిగ్గా నలభయ్యో రోజు.”