గిన్నె ముద్ద

"నా గిన్నె ఏదమ్మా?"

పొద్దున్నే వంటింట్లో గిన్నెల అరలు మూడూ వెతికి, వంగి స్టవ్ కింద కూడా చూసి మెర్సీ అడిగింది. పాలు పొంగకుండా కాపలా కాస్తున్న తల్లి బిక్షమ్మ వెనక్కి తిరగలేదు.

"ఏ గిన్నె?"

"ఏ గిన్నెనా? నేను రోజు తినేది. అంచు మీద కెజియా పేరు కొట్టిచ్చి ఉంటది సూడు, గది."

"ఇంట్ల ఇరవై గిన్నెలున్నయి. దేంట్లనన్న తిను."

"గవన్ని పెద్దయి. కొలత తప్పుతది."

"పిడికెడు గూడ లేని బువ్వకు కొలతొకటి! ఏ పిట్టనో ఎత్కపోయి ఉంటది. దానికైతె సరిపోతది గా గిన్నె."

ముందు గదిలో పేపరు చదువుతున్న మెర్సీ భర్త విజేందర్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "పిట్టకు గూడ సాలదు అత్తమ్మా. సాయంత్రానికి మల్ల తెచ్చి పడేస్తది, ఫికర్ చెయ్యకు."

"ఇద్దరు కలిసి నన్ను ఆడుకోండి" అంటూ మెర్సీ అర తలుపును అవసరమైనదానికంటే గట్టిగా వేసింది.

ఆ గిన్నె నిజానికి పద్నాలుగేళ్ళ కిందటిది. కూతురు కెజియాకు మొదటిసారి అన్నం పెట్టిన రోజున చర్చి పాస్టరమ్మ ఇచ్చింది. అది అటకెక్కి చాలా కాలమైంది. ఐదు నెలల కిందట మెర్సీకి పట్నంలో ఆపరేషన్ అయ్యాక మళ్ళీ కిందికి దిగింది. కడుపు పైభాగాన ఉంగరంలాంటి మెత్తని పట్టీ ఒకటి తొడిగారు. దాని పైన నిలిచేది నాలుగు చెంచాల అన్నం. అంతకు మించితే గొంతు దిగదు, దిగినా నిలవదు. చర్మం కింద దాచిన ఒక బిళ్ళలోకి సూదితో నీళ్ళు ఎక్కించి డాక్టరమ్మ ఆ పట్టీని బిగిస్తుంది. తీస్తే వదులవుతుంది. ప్రతి ముద్దా ఇరవై సార్లు నమలాలి. తింటున్నప్పుడు నీళ్ళు తాగకూడదు. చాలు అని కడుపు చెప్పిన చోట చెయ్యి ఆగాలి.

నూటపద్నాలుగు కిలోల మెర్సీ ఇప్పుడు తొంభై ఒకటికి వచ్చింది. నల్గొండ పక్క ఊళ్ళో ఆమె పాఠాలు చెప్పే బడికి పదకొండు మెట్లు. వాటిని ఆగకుండా ఎక్కుతోంది. షుగర్ మాత్ర సగమైంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. పెళ్ళి ఉంగరానికి దారం చుట్టి పెట్టుకుంటోంది. ఎదురుపడిన వాళ్ళు మాత్రం "అయ్యో, ఏం రోగమొచ్చింది టీచరమ్మా" అంటున్నారు.

పది రోజులు చూసుకుని పోదామని మోత్కూర్ నుంచి వచ్చిన బిక్షమ్మ ఐదు నెలలుగా ఇక్కడే ఉంది. కాన్పయినా, జ్వరమైనా బిడ్డకు తినిపించి లేపడమే ఆమెకు తెలిసిన వైద్యం. ఇక్కడ తినిపించకపోవడమే వైద్యం. చేతులు రెండూ పని లేక ఆమెను సతాయిస్తున్నాయి. "వచ్చే గురువారం దవాఖానకు పోతవు గదా, కడుపుకేసిన ఆ తాడు తీసెయ్యమని చెప్పు" అని వారం నుంచి రోజుకొకసారైనా అంటోంది.

మెర్సీ బయటికి కసురుకుంటుంది గానీ, ఆ మాట ఆమె లోపల కూడా తిరుగుతోంది. ఆకలి పెద్దగా లేదు. ఆశ మాత్రం ఎక్కడికీ పోలేదు. మెత్తని జొన్నరొట్టె తుంచి కూరలో ముంచడం, నోరంతా నింపుకోవడం, మాట్లాడుతూ నములుతూ నవ్వడం. అన్నిటికంటే గిన్నె ముద్ద.

అది వాళ్ళ ఇంట్లో ఆదివారపు ఆచారం. చర్చి నుంచి వచ్చి అందరూ చాప మీద కూర్చుని తిన్నాక, కూర వండిన గిన్నెలో అడుగున అంటిన మసాలా మిగులుతుంది. బిక్షమ్మ అందులో గుప్పెడు అన్నం వేసి, అంచులన్నీ తుడిచి కలిపి, తలా ఒక ముద్ద నోట్లో పెట్టేది. మెర్సీ తండ్రి ఏసోబు బతికుండగా ఆయనా చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. చాలంటే "ఇంకొక్కటి" అనేది బిక్షమ్మ. ఆపరేషన్ నాటి నుంచి ఆమె ఆ ముద్ద ఎవరికీ పెట్టడం లేదు. కూర అయిపోగానే గిన్నెలో నీళ్ళు పోసేస్తోంది. మెర్సీ కూడా అందరి పక్కన కూర్చోవడం మానేసి వెనక గదిలో ఒంటరిగా తింటోంది.

ఆ రోజు రెండో శనివారం, బడి లేదు. మధ్యాహ్నం బిక్షమ్మ వెనక గదిలోకి పెద్ద తల్లె తెచ్చి కూతురి ముందు పెట్టింది. మెత్తగా ఉడికించి నలిపిన అన్నం, ఎర్రగా కూర.

"చిన్న గిన్నె దొరికే దాంక గీ తల్లెల తిను. ఎంత తింటవో నీ ఇష్టం" అంది.

మెర్సీ చెంచా నోట్లో పెట్టుకుంది. మటన్. పీచు కూడా తెలియకుండా రోట్లో వేసి నూరింది అమ్మ. ధనియాల పొడి, గసగసాలు, చివర్లో వేసిన కొత్తిమీర. ఐదు నెలల తర్వాత ఆ రుచి నాలుకను తాకేసరికి ఆమె కళ్ళు మూసుకుంది. మొదటి చెంచా ఇరవై సార్లు నమిలింది. రెండోది పదిహేను. నమలడానికి అందులో ఏముందని? ఐదోది, ఆరోది అలాగే జారిపోయాయి. తలుపు పక్కన నిలబడి బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

ఏడో చెంచాకు రొమ్ము ఎముక వెనక ఎవరో పిడికిలి బిగించినట్టయింది. మెర్సీ లేచి పెరట్లోకి పరిగెత్తింది. నోటి నిండా జిగురు నురగ. ఎక్కిళ్ళు. అరగంట పాటు తూము దగ్గర కూర్చుని, తిన్నదంతా కొంచెం కొంచెంగా కక్కుకుంది. కెజియా వీపు నిమిరింది. విజేందర్ నీళ్ళ చెంబుతో నిలబడి, ఇవ్వాలో వద్దో తెలియక అటూ ఇటూ చూశాడు.

"ఎందుకమ్మా గిట్ల చేసినవ్?" ఊపిరి అందాక అడిగింది మెర్సీ.

"రోట్లేసి నూరిన గద బిడ్డా. నమిలే పని గూడ లేకుండ. గొంతుల అడ్డం పడ్తదని నాకేం తెల్సు?"

"ఎంత మెత్తగుంటె అంత ఎక్కువ పోతది. కొలత ముఖ్యమని గోడకు రాసి పెట్టిన. గదే కదా అడిగిన పొద్దుగాల, నా గిన్నె ఏదని!"

"ఏం గిన్నె, ఏం కొలత! ఎద్దుకు ముకుతాడు ఏస్తరు. కుక్కకు గొలుసు ఏస్తరు. బువ్వ తినే మనిషి కడుపుకు తాడేసుడు యాడన్న ఉన్నదా? ఆరు చెంచలు తింటివి ఇయ్యాల. నా కండ్ల నిండ సూసిన."

"సూసినవ్ గదా, కక్కింది గూడ సూడు!"

"అత్తమ్మా, జర ఊకోండి" అన్నాడు విజేందర్.

"నేనెందుకు ఊకోవాలె అయ్యా? తీసెయ్యమను ఆ తాడు. నా బిడ్డను నేను సాదుకుంట."

అప్పుడు మెర్సీ అనకూడని మాట అనేసింది. "నువ్వు సాదినందుకే గదా నాకీ గతి వట్టింది! సాలమ్మా అంటె ఇంకొక్కటి, వద్దంటె ఇంకొక్కటి. మేపి మేపి నన్ను గిట్ల చేసింది నువ్వే."

బిక్షమ్మ తలుపులోంచి, గదిలో తల్లెలో మిగిలిన అన్నం వైపు చూసింది.

"అవును బిడ్డా. నేనే పెట్టిన" అంది నెమ్మదిగా. తల్లె తీసుకుపోయి కడిగి బోర్లించింది. తర్వాత మంచం కింది నుంచి సంచి లాగి చీరలు సర్దుకుంది. "రేపు బువ్వ తిన్నంక నాలుగు గొట్టంగ బస్సుకు మోత్కూర్ పోత. గీడ నాకేం పనున్నది?"

తప్పు అమ్మ ఒక్కదానిదే కాదని మెర్సీకి తెలుసు. ఐదో చెంచా దగ్గరే కడుపు చాలని చెప్పింది. చెయ్యి ఆపనిది తను. అయినా ఆ మాట అమ్మతో అనలేకపోయింది.

ఆదివారం చర్చికి తయారవుతూ, అమ్మ బీపీ గోలీలు మరిచిపోతుందేమోనని మెర్సీ వాటిని సంచిలో పెట్టబోయింది. చీరల కింద గట్టిగా ఏదో చేతికి తగిలింది. పాత చీర పేలికలో చుట్టి ఉంది. విప్పి చూస్తే కెజియా పేరున్న చిన్న గిన్నె.

"గిది నీ సంచిల ఎందుకున్నదమ్మా?"

తల దువ్వుకుంటున్న బిక్షమ్మ చేతిలో దువ్వెన ఆగింది. దొంగతనం బయటపడ్డ మనిషిలా తల వంచుకుంది.

"అది ఇంట్ల కనవడకుంటె పెద్ద తల్లెల తింటవనుకున్న. నేను పోయినంక గూడ ఆ గిన్నె నీ ముంగట ఉండొద్దని సంచిల ఏసిన."

"గిన్నె లేకుంటె ఇంకోటి కొనుక్కుంట గదమ్మా!"

"గంత దూరం సోంచాయించలే." బిక్షమ్మ మంచం మీద కూలబడింది. "నీకు నాలుగేండ్లు అప్పుడు. మూడేండ్లు వాన లేదు. మీ నాయిన బొంబాయి పోయిండు, బిల్డింగు పనికి. నాకు కైకిలి పని దొరకలే. రెండు దినాలు అంబలి నీళ్ళే తాగిచ్చిన నీకు. పొద్దంత ఏడ్చినవ్. ఏం చెయ్యాలె? కొంగు చింపి, నీళ్ళల్ల ముంచి, నీ కడుపు సుట్టు బిగిచ్చి కట్టిన. గట్ల కడితె ఆకలి తెల్వదని మా అవ్వ చెప్పేది. నువ్వు ఏడుపు ఆపి నా మొకం దిక్కు సూసినవ్. ఏమనలే. సూసినవ్ అంతే."

మెర్సీకి ఆ సంగతి ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు.

"ఆ దినం యేసయ్యకు మాటిచ్చిన. ఈ పిల్ల కడుపు మల్ల కట్టను అని. నాట్లేసిన, మట్టి మోసిన, దొరల గిన్నెలు తోమిన. ఆ గిన్నెల అడుగంటింది తుడిచి, బువ్వ కలిపి నీకు తెచ్చి పెట్టిన. గదే మొదటి గిన్నె ముద్ద. ఇప్పుడు సూస్తె నువ్వే దవాఖానకు పోయి కట్టిచ్చుకొస్తివి."

మెర్సీ తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. "నాకు ఆకలి ఎక్కువై కట్టిచ్చుకోలే అమ్మా. ఊపిరాడక కట్టిచ్చుకున్న. కెజియా పెండ్లి దాంక ఉంటనో లేదోనని భయమై—"

బయట విజేందర్ బండి హారన్ కొట్టాడు. "ఆరాధన అయిపోయినంక పోదామా?" అని అరిచాడు. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని లేచారు. సంచి గడప పక్కనే ఉండిపోయింది.

చర్చి నుంచి వచ్చాక కోడికూర వండారు. చాప పరిచి అందరూ కూర్చోబోతుంటే మెర్సీ చిన్న గిన్నెతో వచ్చి విజేందర్ పక్కన చేరింది. కెజియా ఆశ్చర్యంగా చూసి, జరిగి చోటిచ్చింది. రెండు చెంచాల మెత్తని అన్నం, కొంచెం పులుసు. మెర్సీ నెమ్మదిగా నములుతుండగానే మిగతా వాళ్ళ తల్లెలు ఖాళీ అయ్యాయి. బిక్షమ్మ ఏదో తిన్నాననిపించి, గోడ గడియారం చూసి, కూరగిన్నె అందుకుని నీళ్ళ వైపు లేవబోయింది.

"గిన్నె కడగకమ్మా" అంది మెర్సీ.

"ఎందుకు?"

"ముద్ద వెట్టు."

బిక్షమ్మ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "వద్దు బిడ్డా. మల్ల కక్కుతవ్. నా చెయ్యికి కొలత తెల్వదు."

"నాలుగు చెంచలకు రెండే తిన్న. మిగిలిన జాగా నీ ముద్దకే ఉంచిన."

బిక్షమ్మ కూర్చుంది. అడుగంటిన మసాలాలో గుప్పెడు అన్నం వేసింది. అంచులన్నీ వేళ్ళతో తుడిచి, మెత్తగా పిసికి, ముద్ద చేసింది. చేసి చూసుకుంది. సగం గిన్నెలో వదిలేసింది. మళ్ళీ చూసుకుని మిగిలినదాంట్లోనూ సగం వదిలేసింది. చివరికి వేళ్ళ మధ్య రేగుపండంత మిగిలింది. దాన్ని కూతురి నోట్లో పెట్టింది.

"ఒకటి, రెండు, మూడు" అంటూ కెజియా లెక్క మొదలుపెట్టింది. విజేందర్ ఎండిపోతున్న చెయ్యితో అలాగే కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. ఇరవై దాకా నమిలేసరికి మెర్సీ చెంపలు తడిసిపోయాయి. ఉప్పు ముద్దలోదో కన్నీళ్ళదో ఆమెకు తెలియలేదు.

బిక్షమ్మ పెదవులు కదిలాయి. "ఇంకొక్కటి" అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మెర్సీకి మాత్రం అది వినిపించింది. ఆ మాట కోసమే తను ఐదు నెలలుగా మొహం వాచి ఉందని అప్పుడు తెలిసింది.

"నిన్న తప్పు మాట అన్ననమ్మా. ఐదో చెంచకే సాలయింది. తిన్నది నేను" అంది. తర్వాత అందరి వైపు చూసి చెప్పింది. "పట్టీ తీయించుకోను. తిననీకి నాకు ముప్పావుగంట పడ్తది. అయినా ఇగ వెనక అర్రల తినను, గీడనే తింట. ఎవ్వరికి తొందరున్నా లేవొద్దు."

విజేందర్ గడప పక్కనున్న సంచి వైపు చూశాడు. "అత్తమ్మా, నాలుగు గొట్టనీకొచ్చింది మరి."

"గొట్టనియ్యి" అంది బిక్షమ్మ. గిన్నెలో మిగిలిన అన్నాన్ని మూడు ముద్దలు చేసింది. ఒకటి మనుమరాలి నోట్లో, ఒకటి అల్లుడి చేతిలో పెట్టి, ఆఖరిది తన నోట్లో వేసుకుంది. అది నమిలి మింగాక కూతురి వైపు తిరిగింది.

"గురువారం నేను గూడ పట్నం వస్త. ముద్ద ఎంత వెట్టాల్నో ఆ డాక్టరమ్మకు నా చెయ్యి సూపిచ్చి అడుగుత. కెజియా, ఆ సంచి లోపట పెట్టు బిడ్డా."