వారానికి సరిపడా కూర

"పాపకు నిన్న ఏం పెట్టిన్రమ్మా?" అని డాక్టరమ్మ అడగగానే సుకన్య గుండె గుభేలుమంది! మంచం మీద ఐదేళ్ల గోపిక వాంతులతో సొమ్మసిల్లి, సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కూడా కదపలేకుండా పడివుంది. "కోడికూర... ఆదివారం తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టింది" అంది సుకన్య.

ఆ మాట చాలు, భర్త రవీందర్ భగ్గుమన్నాడు. "సెప్పలేదా నేను! వారం మాంసం ఒక్కపాలి తెచ్చి ఫ్రిజ్జుల వెట్టుడేంది? నా బిడ్డకు పాసిపోయిన కూడు వెడ్తివి!"

పొద్దున్నే రైసుమిల్లు ఆఫీసుకు పరుగెత్తే సుకన్యకు రోజూ వండే తీరిక ఎక్కడిది? అందుకే ఆదివారం మిర్యాలగూడ మార్కెట్లో చవగ్గా దొరికిన టమాటాలు, చికెన్ ఎక్కువగా తెచ్చి, కడిగి, ఒక్కో పూటకు ఒక్కో ప్యాకెట్ కట్టి, తేదీ రాసి పెట్టేది. ఏడాదిగా ఒక్కరికీ కడుపునొప్పైనా రాలేదే! మరి నిన్న ఏమైంది...? తెల్లవారినప్పటి నుంచి, అదే కూర తిన్న తన కడుపూ మెలిపెడుతూనే ఉంది. ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

పాప బట్టల కోసం ఇంటికి వెళ్లిన సుకన్య, మనసాగక ఫ్రీజర్ తెరిచింది. ప్యాకెట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని బండలా ఉన్నాయి. అడుగున ఎర్రటి నీళ్లు కారి, మళ్లీ గడ్డకట్టాయి! అంటే... కరిగి, తిరిగి గట్టిపడ్డాయన్నమాట. కరెంటు పోలేదే! పగలంతా ఇంట్లో ఉండేది ఒక్కరే. మనవరాలిని చూసుకుంటానని మూడు వారాల కిందట వేములపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన అత్త జమ్లీ...

తిరిగొచ్చేసరికి దవాఖాన వరండాలో, పాప గౌను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది జమ్లీ. సుకన్య పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"అత్తమ్మా... ఫ్రీజర్ బందు వెట్టినవా?"

ముసలామె చప్పున కోడలి చెయ్యి పట్టుకుంది! "ఎండలు మండిపోతున్నయి బిడ్డా... దాని ఎనుక చెయ్యి వెడితే కాలుతుండె. పేలితదేమోనని భయమైంది. పోరి దాని పక్కన్నే ఆడుకుంటది గదా! రెండు మూడు దినాల సంది నువ్వు పోంగనే బందు వెట్టి, నువ్వొచ్చే యాళ్లకు మళ్ల ఏస్తున్న... అయ్యో, నా చేతులార చేస్తి! వానికి సెప్పకు తల్లీ, వాడు నన్ను తండాకు తోలేస్తడు..."

సుకన్యకు కోపం పొంగుకొచ్చింది. కానీ ఆ ముడతల చేతులు తన చేతిని పట్టుకుని వదలడం లేదు.

అప్పుడే రవీందర్ బయటికొచ్చాడు. "ఇగ ఉద్యోగం బందు! ఇంట్ల కూసొని ఏ పూటకాపూట వండు. నీ మీద నమ్మకం పోయింది!"

"సరే..." అంది సుకన్య, తల వంచుకుని. కన్నీళ్లు జలజలా రాలాయి. అయినా అత్త పేరు ఎత్తలేదు.

జమ్లీ కోడలి ముఖంలోకి చూసింది. గోడ పట్టుకుని లేచింది.

"రవీ, దాన్నేమనకురా! స్విచ్చి ఆపింది నేను. తెలిసి కూడా నా కోసం మాట వడుతుంది... తోలితే నన్ను తోలు!"

రవీందర్ భార్య కళ్లలోకి చూడలేకపోయాడు. "ఏమైందని నిన్ను అడగకుంటనే..." అని ఆగి, సుకన్య కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "తప్పయింది సుకన్యా..."

లోపల నుంచి సన్నగా "అమ్మా, నీళ్లు..." అని వినిపించింది. ముగ్గురూ ఒక్కసారే కదిలారు. స్పూనుతో పాప పెదవులు తడుపుతూ సుకన్య, గుమ్మంలోనే ఆగిపోయిన అత్తను చూసింది.

"గాడ నిలబడ్డవేంది, రా అత్తమ్మా. ఇంకోపాలి భయమైతే నాకు సెప్పు. ఇద్దరం కలిసి భయపడదాం... నువ్వొక్కదానివే భయపడకు!"

జమ్లీ వచ్చి, కోడలి భుజం మీద తలవాల్చి బావురుమంది.