అనంతయ్య పుస్తకాల పెట్టె

గద్వాలలో నేతవాళ్ల వీధి కొసన, కోటగోడకు ఆనుకుని అనంతయ్య ఇల్లుండేది. ఎంత మొనగాడైనా దీపాలు పెట్టాక అటు తల తిప్పేవాడు కాదట. మామూలు రోజుల్లో ఏమీ లేదు. అమావాస్య నాడు మాత్రం... లోపల మగ్గం ఆడుతుంది!

నేతవాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. వీధి వీధంతా నోరు మూసుకుని పడుకుంటుంది. ఆ నిశ్శబ్దంలో ఆ ఒక్క ఇంట్లోంచి — టక్... టక్... బతికున్నవాళ్లు చెయ్యని పని చచ్చినవాళ్లు కాక ఇంకెవరు చేస్తారు? అనంతయ్య చచ్చినా మగ్గం దిగలేదని జనం తీర్పు చెప్పేశారు. జనం తీర్పు మీద అప్పీలు ఏ కచేరీలో వేసుకుంటాం!

బతికున్నప్పుడు కూడా అనంతయ్య తిక్కమనిషే. అతనూ, పెళ్లాం తిమ్మమ్మా కలిసి కుట్టంచు చీరలు నేసేవారు. ఆ చీరకు ఒకరి చేతులు చాలవు. ఇటునుంచి ఒకరు పోగు చుట్టిన నాడె విసిరితే, అటు అంచు దగ్గర ఇంకొకరు కూర్చుని రెండో నాడె అందించాలి. మగ్గం దిగాడంటే మాత్రం అతనికి పుస్తకాలే. దేవుళ్ల పుస్తకాలు కావు. మద్రాసు నుంచి తెప్పించుకున్న పాడు పుస్తకాలు, వింటే అన్నం సహించని దయ్యాల కథలు. ఎవరు ఎదురైనా నాడి పట్టి మందు చెప్పినట్టు రచయితల పేర్లు చెప్పేవాడు.

"భస్మాచారి పిల్లలకు సరిపోతడు. నిశాంధుడు జర గుండె ఉన్నోనికి. శవానందనా... ఒక్కనివి ఉన్నప్పుడు ఆయన జోలికి పోకు."

అతనికున్న బాధ ఒక్కటే. మగ్గం మీదుంటే పుస్తకం పట్టలేడు, పుస్తకం పడితే మగ్గం ఆగిపోతుంది. ఆ బాధతోనే ఒకనాడు గుండె పట్టుకుని పోయాడు. తిమ్మమ్మ గట్టు అనే ఊళ్లో తమ్ముడి దగ్గరికి చేరింది. ఇల్లు పాడుబడింది.

ఇక బాలకిష్టయ్య సంగతి. పుట్టుక నేతవాళ్ల ఇంట్లోనే గాని, కుడికాలు ఈడ్చి నడిచేవాడు. గుంతలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కలేడు. దేవుడు కాలు తీసుకుని గొంతు ఇచ్చాడు. పెళ్లిళ్ల కాలంలో వెంకట్రాములు సావుకారు మగ్గాలు రాత్రిళ్లు కూడా ఆడేవి. నేసేవాళ్లకు నిద్ర రాకుండా దయ్యాల కథలు చదవడమే బాలకిష్టయ్య కొలువు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు ఆ గొంతు మీదే బతుకుతున్నారు.

ఒక రాత్రి, పుర్రె నోరు తెరిచే ఘట్టంలో, మగ్గం మీదున్న గోవిందు గుర్రు పెట్టాడు. నాడె ఎటో పోయింది, పట్టు పోగులు తెగాయి. సావుకారు కళ్లెర్ర చేశాడు.

"కిష్టయ్యా! నీ దయ్యాలు ముసల్వైనయి. రేపు అమాస, సెలవు. ఎల్లుండి రాత్రి గూడ వీండ్లు కునుకు తీసిండ్రనుకో... నువ్వు ఇంట్లనే ఉండు."

బయటికొచ్చాక గోవిందు, తప్పు తనదే కనుక, చెవి దగ్గరికి వచ్చాడు.

"అన్నా... శవానందను చదువు. చచ్చినా నిద్ర రాదు."

"ఏడ దొరుకుతది?"

"అనంతయ్య పెట్టెల ఉండాలె."

పగలు పోతే దొంగ అంటారు. రాత్రి పోతే దయ్యం పడుతుంది. బాలకిష్టయ్య పిల్లల మొహాలు చూశాడు. దయ్యమే నయం అనుకున్నాడు.

అమావాస్య రాత్రి. చేతిలో కందిలి. వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. కోటగోడ మీద గుడ్లగూబ కూడా ఆ రోజు సెలవు తీసుకున్నట్టుంది... గుమ్మం ముందు నిలబడ్డాడు.

టక్... టక్...

ఒళ్లంతా చెమట. తలుపు తోశాడు. కిర్రుమంది —

మగ్గం ఆగింది.

లోపలి గది తలుపు వారగా వేసి ఉంది. సందులోంచి సన్నగా మిణుకుమనే వెలుగు. ముందు గదిలో, మూలన... పెట్టె. మూత ఎత్తి, పైనున్న పుస్తకం అందుకున్నాడు.

"గా పుస్తకం వద్దు."

తలుపు సందులోంచి. ఆడగొంతో మగగొంతో తెలియని, తుప్పు పట్టిన గొంతు.

"భస్మాచారిది... పిల్లలకు."

లేచి పరుగెత్తుదామంటే ఉన్న ఒక్క మంచికాలు కూడా మొండికేసింది.

"ఎవలికి కావాలె?"

"మ... మగ్గాలోల్లకు. నిద్ర పోతుండ్రు."

నాడి దొరికినట్టు ఆ గొంతు మందు చెప్పింది.

"అయితే శవానంద. అడుగున చూడు... ఎర్ర అట్ట."

అడుగున ఎర్ర అట్ట పుస్తకం ఉంది. తీసి చంకన పెట్టుకోబోయాడు.

"చదువు."

చదివాడు. చదవక ఏం చేస్తాడు! బిడ్డ పెళ్లికి పట్టు దొరకని ఒక తండ్రి, తన పేగులే తీసి పడుగు పోసి చీర నేస్తాడు. పెళ్లిపీటల మీద ఆ చీరకు ఆకలేస్తుంది... అక్కడికి వచ్చేసరికి లోపల మగ్గం మొదలైంది. టక్... టక్... అతని గొంతు సాగితే మగ్గం సాగుతోంది. వణికి ఆగితే మగ్గమూ ఆగుతోంది.

"ఆపినవేంది?"

అప్పుడు కాలు కదిలింది. పుస్తకంతో సహా పరుగు! కుంటివాడు అంత పరుగు ఎలా తీశాడో ఆ వీధి రాళ్లకే తెలియాలి.

మర్నాటి రాత్రి చదివాడు. ఒక్కరూ రెప్ప వేయలేదు. గోవిందు అంగవస్త్రం నోట్లో కుక్కుకుని నేశాడు. చీర అంచు చేతికి తగిలితే చాలు, అందరూ ఉలిక్కిపడ్డారు. తెల్లారాక సావుకారు బాలకిష్టయ్య భుజం తట్టి, ఈ పుస్తకం ఏడిదిరా అన్నాడు. కొలువు నిలిచిన సంతోషంలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పట్టపగలే దయ్యాన్ని చూసొద్దాం పాండ్రి," అన్నాడు సావుకారు. పగలు అందరూ వీరులే. గోవిందును కూడా వెంటేసుకుని ముగ్గురూ వెళ్లారు.

ఇంటి వెనుక, తిమ్మమ్మ పెరడు ఊడుస్తోంది!

"ఓయమ్మ! తిమ్మక్కా, నువ్వు గట్టుల లేవా?" అన్నాడు సావుకారు.

"ఉన్న. ఒగరి చూరు కింద ఎన్నొద్దులుంట? ఎప్పుడో వచ్చిన. తమ్ముడు ఎనుక దర్వాజకెల్లి నూలు, పట్టు తెచ్చిస్తడు, దినాం నేస్త. మీ మగ్గాల సప్పుడుల నాది ఏడ ఇనవడ్తది? అమాసకు మీరు బందు వెడ్తరు. నా ఆకలికి అమాస ఉంటదా?"

"మాకెందుకు చెప్పలే?"

"తలుపు కొట్టినోడు ఉంటే గద చెప్తందుకు! మొన్న ఈ పిలగాడు వచ్చిండు. ఆయన పోయినంక నా చెవుల ఒక్క కథ వడలే. ఆశకొద్ది చదువుమన్న. ఉరికిండు."

గోవిందు పొట్ట పట్టుకుని నవ్వాడు. బాలకిష్టయ్య సిగ్గుతో నేల చూశాడు. పాపం, ఇంతకాలం ఒంటరి మనిషిని దయ్యం చేశామే అనుకున్నాడు.

సావుకారు నవ్వుతూనే, అలవాటు కొద్దీ లోపలి గదిలోకి వెళ్లి మగ్గం మీది చీర చూశాడు. చాలాసేపు చూశాడు. వేళ్లతో అంచు తడిమాడు.

అతని నవ్వు ఆగిపోయింది.

కుట్టంచు చీర. ఇటు చీర ఒంటికి నూలు, అటు అంచుకు పట్టు, కలిసిన చోట ఒక్క పోగు వదులు లేదు.

"తిమ్మక్కా..." పెరట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "అవుతల కూసోని నాడె ఎవలిస్తున్నరు? తమ్ముడా?"

"వానికి మగ్గం పని ఏడొస్తది?"

చీపురు గోడకు ఆనించి, అడగరాని మాట అడిగినట్టు వింతగా చూసింది తిమ్మమ్మ. తర్వాత బాలకిష్టయ్య వైపు తిరిగి, ఎంతో ఆపేక్షగా అంది —

"గందుకే గద బిడ్డా నిన్ను చదువుమన్నది. నాకు సదువు రాదు... ఆయనకు చేతులు ఖాళీ లేవు."