నాలుగు వేళ్ల లోతు

నది ఒడ్డున వరసగా పాత గోదాములు, వాటి చివర ఆ ఇల్లు. ఒకప్పుడు ఓడల కంపెనీ ఆఫీసు. ఇప్పుడు అంతస్తుకో వాటా చేసి, సెలవులకి వచ్చేవాళ్లకి రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. ఊళ్లోవాళ్లెవరూ పొద్దుపోయాక ఆ ఇంటి మెట్లెక్కరు. పడవలవాళ్లయితే దాని ముందున్న రేవులో తాడు కూడా కట్టరు. ఎందుకయ్యా అంటే... ఆ ఇంట్లో ఒక లిఫ్టుంది. అది రాత్రిళ్లు తనంతట తనే పైకొస్తుందట.

వచ్చి... ఎవరి కోసమో ఆగుతుందట.

సరే, ఊరన్నాక ఇలాంటివి సవాలక్ష అనుకుంటారు. కానీ ఆ వారం అక్కడ మూడో అంతస్తులో దిగినవాడు లిఫ్టు మెకానిక్కు. పదహారేళ్లుగా అదే పని. లిఫ్టు ఏ చప్పుడు చేస్తే దానికి ఏం జబ్బో కళ్లు మూసుకుని చెప్పగలడు. అలాంటివాడి కోసమే అది కాచుకుని కూర్చుందేమో, ఎవరికి తెలుసు!

"లిఫ్టు నడవదండీ, మెట్లెక్కాల్సిందే," అంది ఇంటావిడ తాళంచెవి చేతికిస్తూ. మెట్ల పక్కనే ఇనప తలుపు. దానికి అరచేయంత అద్దం, అద్దం నిండా దుమ్ము. కింద తుప్పు పట్టిన తాళం. అంతస్తంతస్తుకీ అలాంటి తలుపే.

"బాగుచేయించొచ్చుగా? మా ఆయన పని అదే," అంది మెకానిక్కు భార్య, కాస్త గొప్పగా. "చిటికెలో నడిపించేస్తారు."

ఇంటావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "వద్దులెండి తల్లీ. మా మామగారి కాలంలో పైనుంచి పడిపోయింది. నడిపే ముసలాయన అందులోనే పోయాడు. ముందురోజే ఎవడో వచ్చి, కనీసం మూత తీసి చూడకుండా, అంతా బాగుందని సంతకం పెట్టి పోయాడట... మహానుభావుడు!"

భార్య "అయ్యో పాపం" అంది. మెకానిక్కు మాత్రం పెట్టె పట్టుకుని గబగబా మెట్లెక్కేశాడు.

ఎందుకంటే — ముందురోజే, శుక్రవారం నాడు, అతనూ అదే పని చేసి వచ్చాడు.

వాళ్ల ఊళ్లో ఆరంతస్తుల అపార్టుమెంటు. నెలకోసారి వెళ్లి లిఫ్టు చూడాలి. చూడటమంటే మేడ మీదికి ఎక్కి, మోటారు గది తెరిచి, బ్రేకు మూత విప్పి, చెయ్యి పెట్టి చూడాలి. ఆ రోజు నాలుగింటికి రైలు. ఎన్నాళ్లకో దొరికిన సెలవు. గేటు దగ్గరే వాచ్‌మన్ ఆపాడు.

"సార్, నాలుగు రోజుల్నించి లిఫ్టు తేడాగా ఉంది. నేలకి నాలుగు వేళ్లు కిందకి ఆగుతోంది. ఓసారి చూడండి సార్."

అతను గడియారం చూసుకున్నాడు. "వచ్చాక చూస్తాలే," అన్నాడు. అక్కడే వాచ్‌మన్ బల్ల మీద తనిఖీ కార్డు పెట్టుకుని, తాళ్లు, తలుపులు, బ్రేకు, అన్నింటికీ టిక్కులు కొట్టి సంతకం గీకేశాడు. మేడ మెట్టు ఒక్కటీ ఎక్కలేదు.

ఇంటికెళితే భార్య మురిసిపోయింది. "ఈవేళ చేతులెంత శుభ్రంగా ఉన్నాయండీ! గోళ్లలో నలుపు కూడా లేదు." పెళ్లైన పదకొండేళ్లలో గ్రీజు లేని చేతులు ఆవిడ చూడటం అదే మొదలు.

ఆ చేతులతో తినబోతేనే ఇప్పుడు అన్నం సహించడం లేదు. శనివారం ఓడరేవు చూశారు, పాత కోట గోడ చూశారు. ఆదివారం పడవెక్కారు. భార్య ఏది చూపించినా "ఊఁ" అంటాడు తప్ప కళ్లు అక్కడ ఉంటేగా! సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి అపార్టుమెంటు పిల్లలంతా బడికి ఒకేసారి దిగుతారు. ఎనిమిదిమంది, పుస్తకాల సంచులతో. అతను ఆ తొక్కిసలాట ఎన్నిసార్లు చూడలేదు? "వారంలో ఏం కొంప మునుగుతుందిలే" అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మనసు ఒప్పుకోలేదు.

ఆదివారం రాత్రి. నది మీద మంచు దిగింది. భార్య నిద్రపోయింది. అతనికి కునుకు పట్టలేదు.

ఎక్కడో కింద... కిర్ర్... ర్ర్...

ఆ చప్పుడు అతనికి తెలియనిదా! తాడు మీద బరువు పడిన చప్పుడు.

ఒకటో అంతస్తు దాటింది... రెండోది దాటింది... టక్.

ఆగింది. తన తలుపు బయటే.

పడుకోవచ్చు. దుప్పటి ముసుగేసుకోవచ్చు. కానీ కాళ్లు వాటంతటవే నడిచాయి. తలుపు తీశాడు. మెట్ల దగ్గర చీకటి. ఆ చీకట్లో అరచేయంత అద్దం... వెలుగుతోంది. తుప్పు తాళం తెరుచుకుని వేలాడుతోంది.

అతను ఇనప తలుపు లాగాడు.

లోపల మనుషులెక్కే చెక్క పెట్టె. పైన గుడ్డి బల్బు. లిఫ్టు నడిపేవాడు కూర్చునే చిన్న పీట. ఎవరూ లేరు. అతని కళ్లు మాత్రం అలవాటు కొద్దీ కిందకే పోయాయి. పెట్టె, నేలకి సమంగా ఆగలేదు. కాస్త కిందకి ఆగింది. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి ఆ సందులో పెట్టాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు వేళ్లు. సరిగ్గా సరిపోయాయి.

"చూశావా, నాయనా..."

గాలి కావచ్చు. నది కావచ్చు. అతను వెనక్కి పడి, పాక్కుంటూ గదిలోకొచ్చి గడియ పెట్టుకున్నాడు.

వంటగదిలో స్టూలు మీద ఫోను పట్టుకుని కూర్చున్నాడు. చెప్పానా, ఉద్యోగం ఊడుతుంది. పదహారేళ్ల పేరు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే... ఎనిమిది సంచులు కళ్ల ముందు కదిలాయి. సిగ్గుచేటు ఏమిటంటే, అయినా సరే అతను గంటసేపు ఆలోచించాడు. ఆ గంటకి గాను తన్ను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చివరికి నంబరు నొక్కాడు.

"ఎవరూ?" వాచ్‌మన్ నిద్రగొంతు.

"నేనే, లిఫ్టు మెకానిక్కుని. వెంటనే మెయిన్ స్విచ్ కట్టెయ్. తెల్లారినా ఎవర్నీ ఎక్కనివ్వకు."

"బాగుందని మీరే రాశారు కదా సార్?"

"చూడలేదయ్యా. చూడకుండా రాశాను."

"అందులో పిల్లలెక్కుతారు సార్," అన్నాడు వాచ్‌మన్ మెల్లగా. ఆ తర్వాత చెప్పులు టపటపలాడిస్తూ స్విచ్ దగ్గరికి పరుగెత్తడం వినిపించింది. ఆ వెంటనే మెకానిక్కు తన సూపర్‌వైజరుకి ఫోను చేసి, అదే మాట రెండోసారి చెప్పాడు.

పొద్దున్న ఏడున్నరకి సూపర్‌వైజరు ఫోను. "మూత తీశాం. బ్రేకు పట్టీ పూర్తిగా అరిగిపోయింది, ఇనుమూ ఇనుమూ రాసుకుంటోంది. ఎనిమిదిమంది ఎక్కితే నిలిచేది కాదు." చివరికి, "నువ్వింక పనిలోకి రావొద్దు. ఫోనైతే చేశావు, సంతోషం," అని పెట్టేశాడు.

అతనికి ఏడుపొచ్చింది. పిల్లలు మెట్లు దిగి బడికెళతారు. అది చాలు.

కిందికొచ్చి ఇంటావిడని అడిగాడు. "రాత్రి లిఫ్టు ఎవరు నడిపారండీ?"

"లిఫ్టా?" ఆవిడ నవ్వింది. "ఆ తాళాలు తెరిచి నలభై ఏళ్లయింది బాబూ. తాళంచెవులు కూడా లేవు. చూడండి." కొంగుతో అద్దం తుడిచి, టార్చి వేసింది.

అతను కన్ను ఆనించి చూశాడు. పెట్టె లేదు. తాడు లేదు. పైనుంచి కింద దాకా ఒట్టి నుయ్యిలాంటి గుంట, అడుగున నది నీళ్లు నల్లగా మెరుస్తున్నాయి.

"పెట్టెని నా పెళ్లికి ముందే పాత ఇనుముకి అమ్మేశారు," అంది ఇంటావిడ.

అతను నిలదొక్కుకోడానికి గోడ పట్టుకున్నాడు. అప్పుడే భార్య మెట్లు దిగుతూ కేకేసింది. "ఏమండోయ్, గోడంతా ఖరాబు చేస్తున్నారు! చేతికి ఏంటది? సెలవులో కూడా పనేనా?"

చెయ్యి తిప్పి చూసుకున్నాడు. నాలుగు వేళ్ల నిండా, గోళ్ల సందుల్లో దాకా, నల్లటి గ్రీజు... ఇంకా తడిగా ఉంది.

శుక్రవారం నాడు అంటుకోవాల్సిన గ్రీజు.