తాళం వెయ్యనివ్వని ఫోల్డరు

నీళ్ళ పరీక్షలు చేసే ఆ ల్యాబులో మేడమీది మూల సీటంటే అందరికీ హడలు. చీకటి పడితే ఖాళీ కుర్చీ ముందు కీబోర్డు టకటకలాడుతుందని చెప్పుకునేవాళ్ళు. ఊడ్చే ఆవిడ కూడా ఆ మూలకి చీపురు తగలనిచ్చేది కాదట.

ఆ సీటు, అందరూ ల్యాబక్క అని పిలిచే ఆవిడది. తాగడానికి పనికిరావని ఆవిడ రాసిన నీళ్ళ రిపోర్టు, తెల్లారేసరికి 'బాగున్నాయి' అని మారిపోయింది. ఆ నీళ్ళు తాగినవాళ్ళు మంచాన పడ్డారు. మార్చింది ఆవిడ లాగిన్‌తోనే — సర్వరు అదే చెప్పింది. ఉద్యోగం ఊడింది. ఆ దిగులుతో నెల తిరక్కుండానే ఆవిడ గుండె ఆగిపోయింది.

అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మేనేజరు. రెండో మనిషి సర్వరు చూసుకునే వైర్లాయన. మేనేజరు గదమాయిస్తే, ఆవిడ పాస్‌వర్డు మార్చి కొత్తది ఆయన చేతిలో పెట్టింది ఇతనే.

ఏడాది గడిచింది. పాత రిపోర్టులు తిరగదోడడానికి తనిఖీవాళ్ళు రేపొస్తారనగా, ఆ రాత్రి మేనేజరు వైర్లాయన్ని మేడమీదికి లాక్కెళ్ళాడు.

"రిపోర్టుల ఫోల్డరు నా ఒక్కడికే తెరుచుకోవాలి. మిగతా పేర్లన్నీ పీకెయ్."

ఒక్కో పేరూ తీసేశాడు. మేనేజరు పేరొక్కటే మిగిలింది. సేవ్ కొట్టాడు...

జాబితాలో రెండు పేర్లున్నాయి. రెండోది ల్యాబక్కది.

ఆవిడ పోయిన రోజే తన చేత్తో తీసేసిన పేరది! మళ్ళీ తీశాడు. మళ్ళీ వచ్చింది.

"వేళాకోళంగా ఉందా?" మేనేజరు అతన్ని పక్కకి నెట్టి తనే కూర్చున్నాడు. తన పాస్‌వర్డు కొట్టాడు. తప్పంది. ఒత్తి ఒత్తి కొట్టాడు. తప్పంది.

అప్పుడు... వెనక మూలనుంచి... టక్. టక్. టక్.

కుర్చీ ఖాళీ. కీలు మాత్రం వాటంతటవే దిగుతున్నాయి. తెర వెలిగింది. లాగినైంది — మేనేజరు పేరుతో! పాత రిపోర్టు తెరుచుకుంది. 'బాగున్నాయి' ఒక్కో అక్షరమే చెరిగిపోతోంది. కింద కొత్త వాక్యం పడుతోంది... 'దీన్ని మార్చింది నేనే.'

మేనేజరు ఒక్క ఉరుకున వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. తెర ఆరలేదు.

"నా లాగిన్ ఆపెయ్! ఆపవయ్యా!"

ఒక్క నొక్కు చాలు. వైర్లాయన చెయ్యి మౌసు మీదే ఉంది. వేలు కదల్లేదు... కదపలేదు.

"కానివ్వక్కా," అన్నాడు, గొంతులోనే.

రిపోర్టు తనిఖీవాళ్ళకి వెళ్ళిపోయింది.

మర్నాడు మేనేజరు నేను కాదు మొర్రో అని మొత్తుకున్నాడు. 'లాగిన్ మీదే కదా' అన్నారు తనిఖీవాళ్ళు. పోలీసులు జీపెక్కించారు. వైర్లాయనకి ఏడాదిగా గుండెల మీదున్న బండ దిగినట్టయింది. సంచీ భుజాన వేసుకుంటుంటే తనిఖీ ఆవిడ ఆపింది.

"మీ ఉత్తరం కూడా అందిందండీ. రాత్రే వచ్చింది, మీ లాగిన్ నుంచి."

కాగితం అందుకున్నాడు. పాస్‌వర్డు ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు, ఏ తలుపు పక్కన నిలబడి ఇచ్చారు — అంతా ఉంది. కింద అతని పేరు. అతను రాసింది కాదు. అలాగని ఒక్క ముక్కా అబద్ధం కాదు.

"ఇది మీరే రాశారా?"

పైన మేడమీద అప్పటిదాకా వినిపిస్తున్న టకటక... చటుక్కున ఆగింది.

"నేనేనండి," అన్నాడు వైర్లాయన.