బిగిస్తే వదులయ్యే పైపు

ఆ పంపు గదికి చెడ్డ పేరుంది. శిక్షణ కేంద్రం నేలమాళిగలో, కిటికీ లేని గది అది. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా అర్ధరాత్రే. సాయంత్రం బిగించిన జాయింటు తెల్లారేసరికి వదులవుతుంది. చచ్చిపోయిన ఫిట్టరెవరో ఉన్నాడట... బతికుండగా వాడి పనిని ఎవరూ మెచ్చుకోలేదట. అందుకని ఇంకొకరి పని నిలవనివ్వడు.

నేను నమ్మలేదు. ధైర్యం వల్ల కాదు — నేనెప్పుడూ అక్కడికి వెళ్ళకపోవడం వల్ల. పైపుల పని నేను వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. మా వంటింటి కుళాయి నా చేతి మీదుగా బాగుపడ్డాక, కింది వాటావాళ్ళు గొడుగు పట్టుకుని వంట చేసుకున్నారు. కాబట్టి ఇది నా కథ కాదు, మా బావది. అక్కకి చెప్పినట్టు కాక, నాకు చెప్పినట్టు చెబుతాను.

బావకి నలభై రెండేళ్ళు. ఇరవయ్యేళ్ళుగా కుళాయిలకి వాషర్లు మారుస్తున్నాడు. పెద్ద లైన్లు వేసే పని కావాలంటే పైస్థాయి సర్టిఫికెట్టు తెమ్మన్నారు. చేరాడు. పరీక్ష ఒక్కటే — పంపు గదిలో ఉన్న వాల్వుకీ, గోడ అవతల ట్యాంకు గదిలో ఉన్న వాల్వుకీ మధ్య పైపు కలపాలి. నీళ్ళు వదిలితే చుక్క కారకూడదు.

రెండుసార్లు కారింది. మూడోసారీ కారితే ఇక ఇంటికే.

"ఈసారీ పోతే మా తమ్ముడి దగ్గర పనికి చేరుదువుగాని," అంది అక్క. ఆ ఇంట్లో అంతకన్నా భయపెట్టే మాట ఎవరూ అనలేదు.

పరీక్ష ముందు రోజు సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక, బావ ఒక్కడే మెట్లు దిగాడు. బల్బు మాడి ఏడాదైంది. మార్చడానికి దిగేవాడు లేడు. టార్చి నోట కరచుకుని, పైపు పానా పట్టి బిగించాడు. ఒక చుట్టు... అర చుట్టు... ఇక కదల్లేదు. హమ్మయ్య అనుకుని పానా కింద పెట్టి చెమట తుడుచుకున్నాడు.

కిర్ర్...

పైపు కదిలింది.

ఎవరూ ముట్టుకోలేదు. అది దానంతటదే — నిద్రలో ఒత్తిగిల్లినట్టు, నెమ్మదిగా — తిరుగుతోంది. బిగుసుకునే వైపు కాదు. ఊడే వైపు.

అరుద్దామనుకున్నాడు. నోట్లో టార్చి ఉంది.

పారిపోదామనుకున్నాడు. నా కింద పని గుర్తొచ్చింది. దెయ్యమే నయమనిపించి, పానా తీసి మళ్ళీ బిగించాడు. అవతలి నుంచి ఏదో ఎదురు తిప్పింది. ఇతనూ బలం కొద్దీ లాగాడు. అప్పుడు... గోడలోంచి మూలుగు.

"అమ్మా... నడుము..."

దెయ్యాలకి నడుంనొప్పి ఉంటుందని బావ ఎక్కడా వినలేదు. టార్చి తీసి, పైపు దూరిన కంత దగ్గర నోరు పెట్టాడు.

"ఎవరది?"

కంతలోంచి గుసగుస — "నువ్వెవరు? బతికున్నావా?"

ఆ గొంతు మాస్టారిది. మూడు నెలలుగా బోర్డు మీద సుద్దముక్కతో తప్ప పైపు కలపని మాస్టారిది.

"మీరేం చేస్తున్నారు మాస్టారూ అక్కడ?"

"ప్రతి పరీక్ష ముందూ వస్తానయ్యా. మీ అవస్థ చూడలేక, ఈ చివర కాస్త బిగించి పోతుంటాను."

బావకి తల తిరిగింది. "ఒకటే పైపు కదా మాస్టారూ. మీరటు బిగిస్తే నాకిటు ఊడుతుంది."

"...అదా సంగతి. మధ్యలో కోసి, రెండు ముక్కల్నీ కలిపే పెద్ద నట్టు వెయ్యాలని పుస్తకంలో ఉంది. అది ఉంటే ఒకవైపు తిప్పినా రెండోవైపు తిరగదు. ఎందుకు వెయ్యాలో ఇవాళ తెలిసింది."

"మరి ఆ ముక్క మాకు చెప్పలేదేం?"

గొంతు ఇంకా తగ్గింది. "దాని పేరు... యూనియన్."

"అయితే?"

"సామాను జాబితాలో రాశాను. మన యజమాని ఉన్నారే, పెద్దాయన — ఎర్ర కలంతో కొట్టేశారు. 'మన సంస్థలో యూనియన్లు ఉండకూడదు, ఇంకోసారి అడిగితే నువ్వూ ఉండవు' అని రాశారు. నాకు ఇద్దరు పిల్లలయ్యా."

బావ బజారుకి పరిగెత్తి ఒకటి తెచ్చాడు. మాస్టారు పుస్తకం పైకి చదివారు, బావ పైపు కోసి, కోసిన చివరలకి మరలు వేశాడు. జీవితంలో మొదటిసారి మాస్టారి చేతికి నూనె అంటుకుంది.

మర్నాడు పెద్దాయన స్వయంగా వచ్చి, మెట్ల మీదే ఆగారు. నీళ్ళు వదిలారు. చుక్క కారలేదు. ఆయన చూపు మాత్రం, టార్చి వెలుగులో, పైపు మధ్యలో ఉన్న ఆ లావు నట్టు మీద పడింది.

"ఏమిటది?"

మాస్టారి మొహం సుద్దముక్కయింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"దిగ్బంధం అండీ. ఆ ఫిట్టరాయన్ని... లోపల పెట్టి బిగించేశాం."

పెద్దాయన రెండు మెట్లు వెనక్కెక్కారు. "బయటికి రాడు కదా?"

"చూస్తున్నారుగా. చుక్కే రావడం లేదు."

ఆయన అక్కడే నిలబడి, సర్టిఫికెట్టు మీద ఎర్ర కలంతో సంతకం పెట్టారు. పైమెట్టు దాకా వెళ్ళి, ఎవరూ వినకుండా బావని దగ్గరికి పిలిచారు.

"ఆ దిగ్బంధాలు... ప్రతి అంతస్తులోనూ ఒకటి పెట్టించు. ముందు నా గదిలో."