మూడో ట్యాంకు నుంచి నలభై అడుగులు

మూడో ట్యాంకు శాంపిల్‌లో ఎంజైమ్ సున్నాకి పడిపోయింది.

ల్యాబ్‌లో ఆమె పరీక్ష మళ్లీ చేసింది. మళ్లీ సున్నా. ఆదివారం దాకా నాలుగు వందల యూనిట్లు. మొన్న రెండు వందల పది, నిన్న ఎనభై, ఇవాళ ఏమీ లేదు. ఎవరో లోపల కూర్చుని తాగేస్తున్నట్టుంది.

సముద్రం అడుగు బురదలోంచి పట్టుకొచ్చిన సూక్ష్మజీవి అది. ఏడాదిన్నర బతిమాలితే ఐదు వందల లీటర్ల ఉప్పునీళ్లలో పెరగడానికి ఒప్పుకుంది. అది తయారుచేసే ఎంజైమ్ చన్నీళ్లలోనే బట్టల మరకలు వదిలిస్తుంది. ఆమె ఈ ఏడాదిన్నరలో ఇంకో పని ముట్టలేదు.

పదకొండింటికి, ఆమె పంపిన రిపోర్టు చూసి మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన ఆమెకి సొంత బాబాయి. ఆ సంగతి ఆఫీసులో ఇద్దరూ మర్చిపోయినట్టు నటిస్తారు.

"సున్నా అంటే ఇంకేముంది? పన్నెండింటికి ట్యాంకు ఖాళీ చేయిస్తున్నా. ఈ ప్రాజెక్టు ఇంతటితో సరి."

"సార్, ఈ గంటలో ఏం చేయకండి."

"గంటలో నువ్వేం చేస్తావు?"

"హంతకుణ్ణి పట్టుకుంటాను."

"పట్టుకో. పన్నెండు దాటితే వాల్వు తిప్పేస్తా."

ఆమె ట్యాంకుల హాల్లోకి వెళ్లేసరికి, రోజూ శాంపిల్ తెచ్చిచ్చే ఆపరేటరు నిచ్చెన మీద ఉన్నాడు. చేరిన రోజే ట్యాంకు పొంగి నెత్తి మీద పడింది కాబట్టి అందరూ అతన్ని నురగ అంటారు.

"ఏం చేశారు నా జీవిని?" అంది ఆమె.

నురగ గబగబా దిగాడు. "తిండి పెట్టాను. గాలి పెట్టాను. పన్నెండు డిగ్రీల్లో చల్లగా పడుకోబెట్టాను. మా అమ్మ నన్ను కూడా ఇంత బాగా చూసుకోలేదు."

"జోకులు తర్వాత. ఆక్సిజన్?"

"స్క్రీన్ మీదే ఉంది చూడండి. మీరు నన్ను నమ్మరని అంకెలు పెద్దవి పెట్టాను."

నవ్వు రాబోతే ఆమె పెదవి కొరుక్కుంది. అన్ని అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. అదే ఆమెని భయపెట్టింది. అతను మాత్రం అంకెల్ని వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

"ట్యూబు ఇవ్వండి. శాంపిల్ నేనే తీస్తాను."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ? నేను తెచ్చిస్తాగా."

మరీ తొందరగా అన్నాడు. ఆమె గమనించింది.

శాంపిల్ తీసి, ట్యూబుని తను తెచ్చుకున్న ఐస్ డబ్బాలో కుక్కి, ల్యాబ్‌కి నడిచింది. దారంతా అడుగులు లెక్కపెట్టింది. నలభై.

పన్నెండుకి ఐదు నిమిషాలుండగా రీడింగు వచ్చింది. నాలుగు వందల ముప్పై.

ఆమె పరుగెత్తింది. హాల్లో మేనేజరు అప్పటికే వాల్వు మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"బాబాయ్, ఆగు."

ఆఫీసులో ఆ పిలుపు వినడం ఆయనకి అదే మొదటిసారి. చెయ్యి తీసేశాడు.

"ట్యాంకు నిక్షేపంలా ఉంది. ఎంజైమ్ దారిలో చచ్చిపోతోంది." ఆమె రిజిస్టరు తెరిచి నురగ వైపు తిరిగింది. "రోజూ శాంపిల్ తీసేది తొమ్మిదింటికి. మొన్న నాకిచ్చింది తొమ్మిదీ ఇరవైకి. నిన్న తొమ్మిదీ నలభైకి. ఇవాళ పదింటికి. నలభై అడుగులకి గంటా? అడుగుకి నిమిషంన్నర నడుస్తారా మీరు?"

నురగ మేనేజరు వైపు చూశాడు. "సార్, మీరు కాసేపు బయట..."

"నేను కదలను. ట్యాంకు నాది, పిల్ల మా అన్నయ్య కూతురు. రెండు విధాలా వినాల్సినవాణ్ణే."

"ఇది చలిలో పుట్టిన ఎంజైమ్," అంది ఆమె. "ఒంటి వేడి తగిలినా పాడైపోతుంది. మీరు ట్యూబు చేతికిస్తుంటే, నేనిచ్చిన ఐస్ డబ్బా గుమ్మం బయట పెట్టారనుకున్నాను. అదేమైంది?"

నురగ ఆమె వైపు తిరిగాడు.

"డబ్బాలో తెస్తే మీరు డబ్బా అందుకుని తలుపేసుకుంటారండీ. ట్యూబు చేతికిస్తే లేబుల్ చదివేదాకా అర నిమిషం నా ఎదురుగా నిలబడతారు. అందుకని గుప్పిట్లో పట్టుకొచ్చాను. ఆ అర నిమిషంలో చెప్పాల్సింది వరండాలో నిలబడి బట్టీ పట్టాను. మొదటి రోజు ఇరవై నిమిషాలు, నిన్న నలభై, ఇవాళ గంట. నా చేతి వేడికే అది పోతుందని తట్టలేదు. తీరా మీరు తలుపు తీయగానే బట్టీ పట్టిందంతా మర్చిపోయాను. ఇప్పుడు మీరు నవ్వుతున్నారు కాబట్టి, సార్ ఉన్నా సరే, చెప్పేస్తున్నా. మీరంటే నాకు చాలా ఇష్టం. రేపట్నుంచి శాంపిల్ ఐస్‌లోనే తెస్తాను. తలుపు మాత్రం ఓ అర నిమిషం తెరిచి ఉంచండి."